కొత్త మొక్కల ట్యాంకులో డ్రిఫ్ట్‌వుడ్‌కు పట్టే తెల్ల ఫంగస్: చెన్నై ఇళ్లకు సరిపడే సమగ్ర మార్గదర్శి

మొక్కల ట్యాంకు, అంటే నీటి మొక్కలు పెంచే చేపల తొట్టి అమర్చి, నీళ్లు నింపి, లైటు వేసిన వారం పది రోజుల్లోనే కొత్త డ్రిఫ్ట్‌వుడ్ (అందం కోసం ట్యాంకులో పెట్టే ఎండు కొయ్య) కొమ్మల చివళ్లలో తెల్లటి పొర ఒకటి కనబడడం మొదలవుతుంది. రెండు మూడు రోజులు గడిచేసరికి అది కొమ్మ పొడవునా పాకి, ఫిల్టర్ నుంచి వచ్చే నీటి తోపుకు చీమిడిలా వేలాడుతూ, ఎంతో ఓపికగా దారంతో కట్టిన జావా నాచును కూడా కప్పేస్తుంది. అప్పుడు చాలామంది చేసే పని దుకాణానికి పరుగెత్తి ఒక మందు సీసా తెచ్చి నీళ్లలో పోయడం. ఆ పని చేయవలసిన అవసరం దాదాపు ఎప్పుడూ ఉండదు. ఈ పొరను చంపాలని చూడడం కంటే, దానికి దొరుకుతున్న తిండిని తగ్గించడం, పెరిగినదాన్ని పెరిగినట్టు బయటికి తీసేయడం, ఆ కొన్ని వారాల పాటు నీటిలో ఆక్సిజన్ తగ్గకుండా చూసుకోవడం మేలు. చెన్నై వేడిలో, చెన్నై నీళ్లతో ఈ మూడు పనులూ ఎలా చేయాలో కింద వరుసగా వివరిస్తున్నాను.

అదేమిటి, ఎందుకు వస్తుంది

చెట్టు ఎండిపోయినా దాని కొయ్యలో చక్కెరలు, పిండి పదార్థాలు, బంక కొంత మిగిలే ఉంటాయి. కొయ్య నీటిలో నానడం మొదలయ్యాక అవి మెల్లగా పైకి ఊరుతాయి. గాలిలోనూ, నీటిలోనూ, కొయ్య మీదా ముందునుంచే ఉన్న బీజాంశాలకూ బ్యాక్టీరియాకూ అది సిద్ధంగా వడ్డించిన ఆహారం. మనం ఒక్కమాటలో ఫంగస్ అనేస్తున్నది నిజానికి ఒకే జీవి కాదు. అసలైన శిలీంధ్రాలు, సాప్రోలెగ్నియా వంటి నీటి బూజులు, జిగురు పొర కట్టే బ్యాక్టీరియా కలిసి అక్కడ కాపురం పెడతాయి. సాప్రోలెగ్నియా కంటికి శిలీంధ్రంలాగే కనిపించినా, శాస్త్రవేత్తలు దాన్ని ఊమైసీట్లు అనే వేరే వర్గంలో చేరుస్తారు. ఫంగస్ మందులు ఒక్కోసారి పనిచేసినట్టూ, ఒక్కోసారి అసలు పనిచేయనట్టూ అనిపించడానికి ఇలా రకరకాల జీవులు కలిసి ఉండడం ఒక కారణం.

ఏళ్ల తరబడి నడుస్తున్న ట్యాంకులో కొత్త కొయ్య వేస్తే ఈ పొర అంతగా పెరగదు. అక్కడ ఆ తిండి కోసం పోటీపడే బ్యాక్టీరియా, పొరను మేసే సూక్ష్మజీవులు, నత్తలు ముందే స్థిరపడి ఉంటాయి. కొత్త ట్యాంకులో ఆ పోటీ లేదు కాబట్టి మొదట వచ్చినవాళ్లదే రాజ్యం. తేలిగ్గా కరిగే చక్కెరలు అయిపోయాక కొయ్యలో మిగిలేవి సెల్యులోజ్, లిగ్నిన్. అవి ఎంత నెమ్మదిగా కుళ్లుతాయంటే, వాటి మీద బతికే జీవులు కంటికి కనబడే పొర కట్టలేవు. అందుకే మామూలుగా రెండు నుంచి ఆరు వారాల్లో ఈ గొడవ దానంతట అదే సద్దుమణుగుతుంది.

ఆరోగ్యంగా ఉన్న చేపలకు ఈ పొర వల్ల హాని లేదు. ఇది చచ్చిన కొయ్య మీద బతికేదే గాని బతికున్న చేప మీద దాడి చేసేది కాదు. అయితే గాయపడిన చేపలనూ, చేప గుడ్లనూ నీటి బూజులు పట్టగలవు కనుక గుడ్లు పెట్టించాలనుకునేవారు ఈ వారాలు గడిచేదాకా ఆగడం మంచిది. అసలు ఇబ్బందులు వేరు. పొర మందమైతే రాత్రిపూట ఆక్సిజన్‌ను తాగేస్తుంది, నాచునూ చిన్న ఆకులనూ కప్పి వెలుతురు అందకుండా చేస్తుంది, ఊడిన ముక్కలు ఫిల్టర్ నోటికి అడ్డుపడతాయి.

ముందు అది ఫంగస్సేనని తేల్చుకోండి

కొయ్య ఫంగస్ తెలుపు లేదా బూడిద రంగులో, సగం పారదర్శకంగా ఉంటుంది. కొత్త కొయ్య మీదే, అందులోనూ కోసిన చోట, కొమ్మ చివళ్లలో, బెరడు మిగిలిన పగుళ్లలో మొదలవుతుంది. టూత్‌బ్రష్‌తో తాకగానే జారిపోతుంది. గాజు మీదా ఆకుల మీదా గోధుమ రంగు పొడిలా పరుచుకునేది డయాటమ్ పాచి. అది కూడా కొత్త ట్యాంకులో మామూలే గాని దాని సంగతి వేరు. నల్లగా గుత్తులుగా పెరిగి గీకినా ఊడనిది నల్ల గడ్డపు పాచి. నీలి ఆకుపచ్చ రంగులో దుప్పటిలా పరుచుకుని వాసన వేసేది సయనోబ్యాక్టీరియా. మిగిలిపోయిన మేత మీదో చచ్చిన నత్త మీదో తెల్లగా నూగు కనబడితే దానికి చికిత్స అక్కర్లేదు, ఆ ముక్కను తీసేస్తే చాలు. చేప ఒంటి మీదే తెల్లటి కుచ్చు కనబడితే మాత్రం ఈ మార్గదర్శి పనికిరాదు. ఆ చేపను వేరే తొట్టిలోకి మార్చి విడిగా వైద్యం చేయాలి.

ట్యాంకులో పెట్టకముందు చేయవలసినవి

సగం పని ఇక్కడే తేలిపోతుంది, కానీ తొందరలో ఎక్కువమంది దాటవేసేదీ ఇదే. కొయ్య ఎంపికతో మొదలుపెడదాం. ముదురు రంగులో, బరువుగా, వేసిన వెంటనే మునిగే మలేషియన్ డ్రిఫ్ట్‌వుడ్‌కూ, ఆఫ్రికా నుంచి వచ్చే మొపానీకీ ఫంగస్ తక్కువగా పడుతుంది, కాకపోతే అవి నీటికి గోధుమ రంగు ఎక్కువ వదులుతాయి. సన్నని వేళ్లతో, లేత రంగులో అందంగా ఉండే స్పైడర్ వుడ్‌కు దాదాపు తప్పకుండా పడుతుంది. స్పైడర్ వుడ్ కొంటున్నారంటే ఫంగస్‌ను కూడా కొంటున్నట్టే అని ముందే మనసు సిద్ధం చేసుకోవడం మంచిది. కొళత్తూరు చేపల దుకాణాల్లో ఈ రకాలన్నీ దొరుకుతాయి. చేతిలోకి తీసుకుని గోటితో నొక్కి చూడండి. గోరు దిగితే అది ఇంకా మెత్తటి కొయ్య, నీటిలో కుళ్లుతుంది. విరిచిన చోట పచ్చదనం కనబడినా, లోపల తడి తగిలినా అది ఎండని కొయ్య, దాన్ని తీసుకోవద్దు.

ఊరికే దొరుకుతుంది కదా అని బెసంట్ నగర్ ఒడ్డునో, ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) వెంబడి సముద్రపు ఒడ్డునో కొట్టుకొచ్చిన సరుగుడు మొద్దులు తెచ్చేవారున్నారు. ఆ కొయ్యలోకి ఉప్పు లోతుగా ఇంకి ఉంటుంది, నెలల తరబడి నానబెట్టనిదే మంచినీటి మొక్కలకు పనికిరాదు. వేప కొయ్యను అసలే వాడకూడదు. వేపలోని చేదు పదార్థాలు పురుగులను చంపేవి కనుక రొయ్యలతో చెలగాటమాడినట్టవుతుంది. జామ, చింత వంటి గట్టి కొయ్యలు పూర్తిగా ఎండి, బెరడు మొత్తం ఊడి, పురుగుమందు తగలనివైతే వాడుకోవచ్చు.

ఇక శుభ్రం చేయడం. గట్టి కుచ్చుల బ్రష్‌తో, పారే నీటి కింద, కొయ్య మొత్తాన్ని రుద్దండి. సబ్బు గాని బట్టల పొడి గాని తగలనివ్వవద్దు, కొయ్య వాటిని పీల్చుకుని తర్వాత ట్యాంకులో వదులుతుంది. మిగిలిన బెరడునూ, మెత్తబడిన చోటునూ చాకుతో గీకేయండి. ఫంగస్ మొదట పట్టుకునేది అక్కడే.

తరువాత ఉడకబెట్టడం. గిన్నెలో పట్టే ముక్కలైతే గంట నుంచి రెండు గంటల పాటు మరిగించి, రంగెక్కిన ఆ నీటిని పారబోసి, ఇంకొకసారి మరిగించండి. దీనివల్ల పైపొరలోని బీజాంశాలు చస్తాయి, చక్కెరలు కొంత కరిగిపోతాయి, కొయ్యలోని గాలి బయటికి పోయి త్వరగా మునుగుతుంది. గిన్నెకు మరక పడుతుంది కనుక పాతది వాడండి. ప్రెషర్ కుక్కర్ వద్దు. ఊడిన నారలు ఆవిరి దారికి అడ్డుపడే ప్రమాదం ఉంది. గంటల తరబడి మరిగించడమూ వద్దు, మితిమీరి ఉడికితే కొయ్య నారలు సడలి ఇంకా త్వరగా కుళ్లుతుంది. పెద్ద మొద్దు కోసం పెళ్లివంటల గుండిగ వెతకనక్కర్లేదు. ప్లాస్టిక్ టబ్బులో పెట్టి, మరిగిన నీళ్లు పోసి, మూతవేసి చల్లారేదాకా ఉంచి, ఇదే నాలుగైదు సార్లు చేయండి.

ఉడకబెడితే ఫంగస్ రానే రాదని కొందరు హామీ ఇస్తారు. ఆ మాట నమ్మవద్దు. మరిగించిన వేడికి పైపొర శుభ్రపడుతుంది గాని, లోపలి చక్కెర తర్వాత ఊరుతూనే ఉంటుంది, కొత్త బీజాంశాలు గాలిలోంచి వస్తూనే ఉంటాయి. ఉడకబెట్టడం వల్ల పొర మందం తగ్గుతుంది, కాలం తగ్గుతుంది, అంతవరకే.

నన్నడిగితే అన్నిటికంటే మేలైన పద్ధతి ఫంగస్‌ను ట్యాంకు బయటే పుట్టించి బయటే ముగించడం. ఉడికించిన కొయ్యను బకెట్టులోనో డ్రమ్ములోనో పూర్తిగా ముంచి, చిన్న ఎయిర్ పంపు గొట్టం ఒకటి వేసి, రెండు మూడు రోజులకోసారి నీళ్లు మార్చి, ప్రతిసారీ బ్రష్‌తో రుద్దండి. రెండు నుంచి నాలుగు వారాల్లో పొర వచ్చి, తగ్గి, మళ్లీ కాస్త వచ్చి ఆగిపోతుంది. మిద్దెమీద ఈ పని చేసేటప్పుడు డ్రమ్ముకు మూతగానీ సన్నటి వలగానీ తప్పకుండా ఉండాలి. డెంగ్యూ దోమ మంచినీటిలోనే గుడ్లు పెడుతుంది, గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. కార్పొరేషన్ వాళ్లు దోమల తనిఖీకి వచ్చినప్పుడు తెరిచిన డ్రమ్ము కనబడితే అడగకుండా కుమ్మరించి పోతారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు.

ట్యాంకులో వచ్చేశాక తొలగించే పద్ధతి

ఇప్పటికే మొక్కలు నాటి, నీళ్లు నింపి, పొర కనబడుతున్న ట్యాంకు ముందు కూర్చుని ఇది చదువుతున్నవారు ఇక్కడి నుంచి మొదలుపెట్టండి. కావలసినవి మెత్తటి కుచ్చుల టూత్‌బ్రష్, అరంగుళం కంటే సన్నని సైఫన్ గొట్టం, ఒక రబ్బరు బ్యాండు, బకెట్టు. గొట్టం లావైతే నీళ్లు మరీ త్వరగా ఖాళీ అయిపోయి పని పూర్తికాదు.

మొదట ఫిల్టర్ ఆపండి. నడుస్తూ ఉంటే ఊడిన పొర ట్యాంకంతా తిరిగి, ఫిల్టర్ స్పాంజిలో చిక్కుకుని, అక్కడే కుళ్లుతుంది. గొట్టం చివరను టూత్‌బ్రష్ తలకు పక్కగా, కుచ్చుల కంటే అర సెంటీమీటరు వెనకగా ఉండేటట్టు రబ్బరు బ్యాండుతో బిగించండి. సైఫన్ మొదలయ్యాక కొమ్మ మొదలు నుంచి చివరి వైపుకు, ఒకే దిశలో, నెమ్మదిగా తోమండి. సరిగ్గా కుదిరితే పొర బ్రష్‌కు అంటుకోకుండా నేరుగా గొట్టంలోకి లాగబడుతుంది. తెల్లటి పోగులు గొట్టంలో పోతుండడం కంటికి కనబడుతుంది, చుట్టూ నీళ్లు తేటగానే ఉంటాయి. ముందుకూ వెనక్కూ గబగబా రుద్దితే అంతా చెదిరి మేఘంలా కమ్ముతుంది, ఆ ముక్కలు ఆకుల మీద వాలి మళ్లీ అక్కడ పెరుగుతాయి. కొమ్మల చీలికల్లో బ్రష్ పట్టకపోతే గొట్టం కొసను ఏటవాలుగా కోసి నేరుగా ఆనించండి.

నాచు మీద పడిన పొరను బ్రష్‌తో తోమకూడదు, నాచే ఊడిపోతుంది. అక్కడ గొట్టాన్ని వేలెడు దూరంలో పట్టుకుని, సూదిలేని సిరంజితో పక్క నుంచి నీళ్లు చిమ్మితే పొర లేచి గొట్టంలోకి పోతుంది. అనుబియాస్, జావా ఫెర్న్, బుసెఫలాండ్రా వంటి మొక్కలను కొయ్యకు అంటించి ఉంటే వాటి కాండం కింద వేలితో తడిమి చూడండి. ఫెవిక్విక్ వంటి జిగురు ఎక్కువగా పూసిన చోట తెల్లబడి గట్టిగా ఉండేది జిగురే, ఫంగస్ కాదు. కాండం మెత్తగా నలిగిపోతుంటే అది కుళ్లు, ఆ ముక్కను గట్టి భాగం దాకా కోసి తీసేయాలి. లేకపోతే కొయ్య మీద పొర తగ్గాక కూడా అక్కడ తగ్గదు.

ఈ పని చేస్తూ మొత్తం నీటిలో మూడో వంతు నుంచి సగం దాకా తీసేయవచ్చు. కొత్తగా పోసే నీటిలో క్లోరిన్‌ను పోగొట్టే యాంటీ క్లోరిన్ మందు కలిపి, ఉష్ణోగ్రత రమారమి సరిచూసి, పళ్లెం మీద పడేటట్టు మెల్లగా పోయండి. నీళ్లు నింపాక ఫిల్టర్ వేయడం మరిచిపోకండి. సాయంత్రానికి స్పాంజి మూతి మీద చేరిన ముక్కలను చేత్తో తీసేసి, స్పాంజిని ట్యాంకు నుంచి తీసిన నీటిలోనే పిండండి. కొళాయి నీటి కింద కడిగితే క్లోరిన్‌కు ఫిల్టర్ బ్యాక్టీరియా చచ్చి, కొత్త ట్యాంకు మళ్లీ మొదటికి వస్తుంది.

మొదటి రెండు వారాలు వారానికి రెండుసార్లు, తరువాత వారానికి ఒకసారి ఇలా చేస్తే సరిపోతుంది. రోజూ తోమనక్కర్లేదు. తోమిన మర్నాడే పొర మళ్లీ కనబడితే నిరాశ పడవద్దు. చూడవలసింది వచ్చిందా లేదా అని కాదు, కిందటిసారి కంటే పలచగా ఉందా అని. కొయ్యను బయటికి తీయడం వీలైన అమరిక అయితే తీసి, మరిగిన నీళ్లు పోసి రుద్ది పెట్టడం ఇంకా తేలిక. కానీ మొక్కలు వేళ్లూనిన కొయ్యను పెకలించి అక్వాసాయిల్ (మొక్కల కోసం అడుగున వేసే పోషకాల మట్టి) చెదరగొడితే అందులోని, చేపలకు విషమైన అమ్మోనియా నీటిలోకి వచ్చి కొత్త తలనొప్పి తెస్తుంది.

చెన్నై వేడి, చెన్నై నీళ్లు

వేడి పెరిగితే రెండు సంగతులు ఒకేసారి జరుగుతాయి. ఫంగస్, బ్యాక్టీరియా వేగంగా పెరుగుతాయి, నీటిలో కరిగి నిలిచే ఆక్సిజన్ తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర మంచినీరు లీటరుకు సుమారు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలదు, 30 డిగ్రీల దగ్గర అది 7.5 చుట్టుపక్కలకు పడిపోతుంది. మే నెలలో ఏసీ లేని గదిలో ట్యాంకు నీళ్లు 31, 32 దాకా పోవడం మనకు కొత్త కాదు. పగలు మొక్కలు ఆక్సిజన్ ఇస్తాయి, రాత్రి అవే పీల్చుకుంటాయి, వాటికి తోడు ఈ పొర కూడా పీల్చుకుంటుంది. తెల్లవారుజామున చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే అర్థం ఇదే.

అందువల్ల పొర ఉన్నన్నాళ్లు నీటి పైభాగం కదులుతూ ఉండాలి. ఫిల్టర్ నుంచి వచ్చే నీరు పైపొరను కలిపేటట్టు మూతిని కాస్త పైకి తిప్పండి, రాత్రి లైటు ఆరాక ఎయిర్ పంపు వేయండి. మొక్కల కోసం కార్బన్ డయాక్సైడ్ వాడేవారు లైటు ఆరేందుకు గంట ముందే దాన్ని ఆపేయాలి. ట్యాంకు మీదుగా చిన్న ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, అయితే ఉక్కపోత ఎక్కువున్న రోజుల్లో నీరు ఆవిరి కావడం తగ్గుతుంది కాబట్టి ఫలితమూ తగ్గుతుంది. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు నగరంలో చాలా చోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. అటువంటప్పుడు ఫంగస్ నిండిన కొత్త ట్యాంకు పాత ట్యాంకు కంటే ముందు దెబ్బతింటుంది.

నీళ్ల విషయానికొస్తే, మన కొళాయిలోకి వచ్చేది ఒక చోటి నీరు కాదు. పూండి, పుళల్, చెంబరంబాక్కం చెరువులు, వీరాణం, తెలుగుగంగ కాలువ మీదుగా కండలేరు నుంచి వచ్చే కృష్ణా నీరు, 2010లో మొదలైన మీంజూరు, 2013లో మొదలైన నెమ్మేలి సముద్రపు నీటి శుద్ధి కేంద్రాలు, ఇవన్నీ కలిసి నగరానికి నీరందిస్తాయి. పేటను బట్టి, కాలాన్ని బట్టి నీటి గుణం మారుతుంది. అపార్టుమెంటుల్లోనైతే బోరు నీళ్లూ లారీ నీళ్లూ ఒకే సంపులో కలుస్తాయి. కాబట్టి నీళ్లు మార్చేముందు ఆ రోజు నీటిని నీటిలో కరిగిన లవణాలను చూపే చౌకపాటి టీడీఎస్ మీటరుతో ఒకసారి చూసుకోండి. ట్యాంకు నీటికీ కొత్త నీటికీ తేడా మరీ ఎక్కువగా ఉంటే సగం బదులు పావు వంతే మార్చండి. మెట్రో వాటర్‌లోనూ లారీ నీటిలోనూ క్లోరిన్ ఉంటుంది, యాంటీ క్లోరిన్ లేకపోతే బకెట్టులో ఎయిర్ పంపు వేసి ఒక రోజు ఉంచాలి. బోరు నీరు గట్టిగా (లవణాలు ఎక్కువగా) ఉన్న ఇళ్లలో డ్రిఫ్ట్‌వుడ్ వల్ల పీహెచ్ పడిపోయి నీరు ఆమ్లమవుతుందని భయపడనక్కర్లేదు, ఆ నీటిలోని కార్బొనేట్లు దాన్ని నిలబెడతాయి. ఆవిరైన నీటి స్థానంలో మాత్రం ఆర్‌వో నీరు పోయండి, బోరు నీరే పోస్తూ పోతే లవణాలు పేరుకుంటాయి.

లైటు వల్ల ఫంగస్ రాదు, లైటు ఆపేస్తే పోదు. మొదటి వారాల్లో రోజుకు ఆరు గంటల లైటు చాలు, అయితే దానికి కారణం పాచి, ఫంగస్ కాదు. మేత మాత్రం తగ్గించాలి. చేపలు రెండు నిమిషాల్లో తినగలిగినంతే వేయండి.

మేసే జీవులను ఎప్పుడు దింపాలి

ఈ పొర కొన్ని జీవులకు ఇష్టమైన మేత. అయితే అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చేదాకా ఏ జీవినీ దింపకూడదు. అక్వాసాయిల్ వేసిన ట్యాంకులో దీనికి మూడు నాలుగు వారాలు పట్టడం మామూలే. ఫంగస్ తినడానికని తెచ్చిన రొయ్యలు అమ్మోనియాకు చచ్చి, వాటి మీద మళ్లీ ఫంగస్ పట్టడం కంటే విచారకరమైనది లేదు.

నీళ్లు సిద్ధమైతే, చౌకలో మంచి ఫలితం ఇచ్చేవి రామ్స్‌హార్న్ నత్తలు. వేసిన గంటకే కొయ్య ఎక్కి, పొర మీదుగా పోయిన మేర శుభ్రమైన బాట వదులుతాయి. త్వరగా పెరిగిపోతాయని కొందరు వద్దంటారు గాని, మేత అదుపులో ఉంటే వాటి సంఖ్యా అదుపులోనే ఉంటుంది. చెర్రీ రొయ్యలు సన్నని సందుల్లో బాగా పనిచేస్తాయి. అమానో రొయ్యలు ఇంకా గట్టివి, ధర కూడా అంతే గట్టిగా ఉంటుంది. బోరు నీరున్న ఇళ్లకు నా మొదటి ఎంపిక నల్ల మోలీ. గట్టి నీళ్లంటే దానికి ఇష్టం, తలకిందులుగా వాలి కొమ్మ అడుగు భాగాన్ని కూడా పెదవులతో గీకి తింటుంది. రెండు మూడు చాలు, పిల్లలు పెట్టే జాతి కనుక మిగిలిన సంగతి అవే చూసుకుంటాయి. ఒటోసింక్లస్ అనే చిన్న చేపను కొత్త ట్యాంకులో వేయవద్దు, తగినంత పాచి లేక ఆకలితో చస్తుంది. సక్కర్ చేప పేరుతో అమ్మేదాన్ని అసలే తీసుకోకండి. అది ఒకటిన్నర అడుగు దాకా పెరుగుతుంది, మొక్కలు పెకలిస్తుంది, విసిగి చెరువులో వదిలితే అక్కడి చేపలకు ముప్పు తెస్తుంది.

హైడ్రోజన్ పెరాక్సైడ్: ఎప్పుడు, ఎంత

తోమడం, నీళ్లు మార్చడం రెండు మూడు వారాలు చేసినా ఒక చోట మాత్రం మొండిగా తిరిగి వస్తుంటే, ముఖ్యంగా నాచు ఊపిరాడని స్థితిలో ఉంటే, అప్పుడు పెరాక్సైడ్ వాడవచ్చు. మందుల షాపులో దొరికే సీసా సాధారణంగా 6 శాతం ద్రావణం, పైన 20 వాల్యూమ్ అని రాసి ఉంటుంది. దాన్ని సమానంగా నీటితో కలిపితే 3 శాతం అవుతుంది. ఇంటర్నెట్‌లో కనబడే మోతాదులన్నీ చాలావరకు 3 శాతానికి చెప్పినవే. ఈ తేడా గమనించక సీసాలోది నేరుగా పోస్తే మోతాదు రెట్టింపవుతుంది.

కొయ్యను బయటికి తీయగలిగితే 3 శాతం ద్రావణాన్ని బ్రష్‌తో పూసి, ఐదు పది నిమిషాలు నురగ రానిచ్చి, కడిగి పెట్టేయండి. అన్నిటికంటే భద్రమైనది ఇదే. ట్యాంకులోనే చేయాలంటే ప్రతి నాలుగు లీటర్ల నీటికి 3 శాతం ద్రావణం ఒక మిల్లీలీటరుకు మించకూడదు. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 36 ఎత్తు ఉన్న ట్యాంకు లెక్కకు 64 లీటర్ల పైచిలుకు. మట్టి, రాళ్లు, కొయ్య పోగా అందులో నిజంగా ఉండే నీరు 50 లీటర్లు అనుకుంటే 12 మిల్లీలీటర్లు గరిష్ఠం, సగంతో మొదలుపెట్టడం వివేకం. ఫిల్టర్ ఆపి, సిరంజి కొసను పొరకు ఆనించి, ఒక్కో చుక్కగా వదలండి. బుడగలు లేస్తాయి. ఐదు నిమిషాలాగి ఫిల్టర్ వేసి, మూడో వంతు నీళ్లు మార్చండి. కళ్లకు అద్దాలు, చేతికి గ్లవుజులు ఉండాలి. రొయ్యలున్న ట్యాంకులో ఇది వద్దు, వాలిస్నేరియా, రిక్సియా వంటి సున్నితమైన మొక్కలు దీన్ని ఓర్చుకోలేవు. చచ్చిన పొరను సైఫన్‌తో తీసేయకపోతే అది కుళ్లి అమ్మోనియా అవుతుంది, చేసిందంతా వృథా.

ద్రవ కార్బన్ పేరుతో అమ్మే గ్లూటరాల్డిహైడ్ కూడా పొరను చంపుతుంది గాని, వాలిస్నేరియాను కూడా కరిగించేస్తుంది. దానికి పెరాక్సైడ్ కంటే మెరుగైన గుణమేదీ నాకు కనబడలేదు. మిథిలీన్ బ్లూ, మాలకైట్ గ్రీన్, రాగి మందులు, ఉప్పు, బ్లీచింగ్ పౌడర్, వీటిలో ఏదీ మొక్కల ట్యాంకులో పోయవద్దు. కొన్ని ఫిల్టర్ బ్యాక్టీరియాను, కొన్ని మొక్కలను, కొన్ని రొయ్యలను చంపుతాయి. మొదటి రెండూ సిలికాన్ అతుకులకు వదలని రంగు కూడా పూస్తాయి.

కొయ్యనే తీసేయవలసిన సందర్భాలు

ఎనిమిది వారాలు దాటినా పొర మందం తగ్గకపోతే లోపం కొయ్యలో ఉన్నట్టు లెక్క. వేలితో నొక్కితే గుంట పడడం, నారలు పొడిగా రాలడం, కదిపినప్పుడు కోడిగుడ్డు కుళ్లిన వాసన రావడం, ఈ మూడింటిలో ఏదున్నా దాన్ని బయటికి తీయండి. ఆ వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది, కొద్దిపాటి మోతాదులోనే చేపలకు విషం. తీసేటప్పుడు కొయ్య మొదట్లో మట్టిని వేళ్లతో పట్టి ఉంచి, నెమ్మదిగా ఊపుతూ లాగి, వెంటనే సగం నీళ్లు మార్చాలి. కొత్త కొయ్య పెట్టేటప్పుడు దాని మొదలును మట్టిలో పూడ్చకుండా చదునైన రాయి మీద ఆనించండి, గాలాడని చోటే ఈ కుళ్లు మొదలవుతుంది.

నెలలు బాగా నడిచాక హఠాత్తుగా మళ్లీ తెల్ల పొర కనబడితే, అది మొదటిసారి వచ్చినటువంటిది కాదు. అమరిక మార్చినప్పుడు మట్టిలో ఉన్న భాగం పైకి వచ్చిందా, కొమ్మ విరిగి లోపలి కొత్త కొయ్య నీటికి తగిలిందా చూడండి, అలాగైతే రెండు వారాలు తోమితే చాలు. అవేవీ కాకపోతే కొయ్య కింద చీకటి సందుల్లో టార్చ్ వేసి వెతకండి. చచ్చిన నత్తో, చెత్తతో మూసుకుపోయిన ఫిల్టర్ నోరో, ఊరు వెళ్లినప్పుడు పక్కింటివాళ్లు ప్రేమకొద్దీ గుప్పెడు వేసిన మేతో దొరుకుతుంది.